ఏ స్టేజిలో వచ్చారు?

ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం

సోలాపూర్ నుంచి, బరంపురం నుంచి, యానాం నుంచి రాత్రంతా రైళ్ళలో కూర్చుని వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. భోజనాలయ్యాక ఇలాంటి విషయం పెట్టారేమిటని కొందరికి చిరాకుగా కూడా ఉండొచ్చు. కానీ ఆలోచించండి. మీ ఇంట్లో ఇంగ్లీషు రిపోర్టు చదవగలిగేది మీరే. పెద్దమ్మకో తాతయ్యకో దగ్గు తగ్గకపోతే ఆసుపత్రిలో చీటీ రాయించేది మీరే. డాక్టరు కన్నడంలోనో, మరాఠీలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చెప్పింది తెలుగులోకి మార్చి అమ్మకు చెప్పేదీ మీరే. అందుకే ఈ సంగతులు పెద్దల సభలో కాకుండా మీ సభలో చెప్పాలనుకున్నాం.

మేము డాక్టర్లం కాదు. మాలో ఇద్దరు నర్సులున్నారు, ఒకరు సోషల్ వర్కర్, మిగిలినవాళ్ళం సంఘ పనిలో ఉన్న మామూలు మనుషులం. మన పేటల నుంచి పెద్దాసుపత్రికి వెళ్ళే క్యాన్సర్ రోగులకు తోడుగా వెళ్తుంటాం. అలా వెళ్ళి వచ్చాక పేటలో అందరూ మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ స్టేజి అట?" మేము "మూడు" అనో "నాలుగు" అనో అనగానే అడిగినవాళ్ళు తల ఊపి, గొంతు తగ్గించి, "అయితే లాస్ట్ స్టేజే అన్నమాట" అంటారు. ఇక ఆ ఇంటికి వచ్చేవాళ్ళు పరామర్శకు వచ్చినట్టే వస్తారు. మనిషి మంచం మీద కూర్చుని టీ తాగుతూనే ఉంటాడు.

మన సినిమాలు మనకు స్టేజి అనే మాటను ఒక్క అర్థంలోనే నేర్పాయి. హీరో రుమాలులోకి దగ్గుతాడు, రుమాలు మీద ఎర్ర మరక, డాక్టరు కళ్ళజోడు తీసేస్తాడు. అయిపోయింది. నిజంగా స్టేజి అంటే ఏమిటో, దాన్ని ఎలా తేలుస్తారో, దాన్ని బట్టి వైద్యం ఎలా మారుతుందో తెలిసినవాళ్ళు చాలా తక్కువ. తెలియకపోవడం వల్ల రెండు రకాల నష్టం చూశాం. మొదటి స్టేజిలో ఉన్నవాళ్ళు భయపడి వైద్యం మానేశారు. నాలుగో స్టేజిలో ఉన్నవాళ్ళకు అందాల్సిన మందు కూడా "ఇంకెందుకులే" అని ఇంట్లోవాళ్ళే ఆపేశారు.

స్టేజి అంటే జబ్బు ఇప్పుడు ఒంట్లో ఎంత దూరం వెళ్ళింది అన్న కొలత. ఫ్రాన్స్‌లో పియర్ దెన్వా అనే సర్జన్ 1940లలో దీనికి ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ప్రపంచమంతా ఇప్పటికీ అదే వాడుతోంది, కొన్నేళ్ళకోసారి సవరిస్తూ. రిపోర్టులో మీకు టీ, ఎన్, ఎం అనే మూడు అక్షరాలు, పక్కన అంకెలు కనిపిస్తాయి. అవి మూడు ప్రశ్నలకు జవాబులు. టీ అంటే అసలు గడ్డ ఎంతుంది, దేనికైనా అంటుకుందా. మూడు సెంటీమీటర్ల లోపుంటే టీ1, ఏడు దాటితే టీ4. ఎన్ అంటే చుట్టుపక్కల లింఫు గ్రంథుల్లోకి చేరిందా. చేరకపోతే ఎన్0. గడ్డ ఉన్న ఊపిరితిత్తి మొదట్లోని గ్రంథుల్లో ఉంటే ఎన్1, రెండు ఊపిరితిత్తుల మధ్య ఛాతీ నడిమి భాగంలో అదే వైపున ఉంటే ఎన్2, అవతలి వైపుకో కంటె ఎముక పైకో చేరితే ఎన్3. ఎం అంటే దూరంగా పాకిందా: మెదడు, ఎముకలు, కాలేయం, కిడ్నీ పైనుండే గ్రంథి, అవతలి ఊపిరితిత్తి.

ఈ మూడూ కలిపితే ఒకటి నుంచి నాలుగు దాకా స్టేజి వస్తుంది. గడ్డ చిన్నది, గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి అంటే ఒకటి. గడ్డ కొంచెం పెద్దదో, లేక దగ్గరి గ్రంథుల్లోకి వచ్చిందో అయితే రెండు. ఛాతీ నడిమి గ్రంథుల దాకా వెళితే మామూలుగా మూడు. ఛాతీ దాటి వేరే అవయవానికి వెళితే నాలుగు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, ఆ నీటిలో క్యాన్సర్ కణాలు కనిపిస్తే, జబ్బు ఛాతీ దాటకపోయినా అది నాలుగో స్టేజి కిందకే వస్తుంది. ఈ నీటి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఇంకో మాట. నూటికి సుమారు 15 మందిలో 'స్మాల్ సెల్' అనే వేరే రకం ఉంటుంది. అది వేగంగా పాకుతుంది, దాదాపు ఎప్పుడూ పొగ తాగేవాళ్ళలోనే వస్తుంది. దానికి డాక్టర్లు వాడుకలో రెండే స్టేజిలు చెబుతారు: ఛాతీలో ఒక వైపుకే పరిమితమైనది, అది దాటిపోయినది. ఇవాళ మేము ఎక్కువగా మాట్లాడేది మిగిలిన 85 మంది గురించి.

మరి స్టేజి ఎలా తేలుస్తారు? ఎక్స్‌రేతో తేలదు. ఎక్స్‌రే నీడను చూపిస్తుంది, అంతే. సీటీ స్కాన్ కావాలి, గడ్డ నుంచి ముక్క తీసి పరీక్ష చేయాలి, చాలామందికి పెట్ స్కాన్, మెదడుకు ఎంఆర్ఐ కూడా కావాలి. ఛాతీ నడిమి గ్రంథుల మీద అనుమానముంటే గొట్టం వేసి వాటిలోంచి కూడా ముక్క తీస్తారు. ఇన్ని ఎందుకని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. "డబ్బులు గుంజడానికే" అంటారు. ప్రైవేటు చోట్ల ఒక్కోసారి ఆ మాట నిజం కూడా కావచ్చు. కానీ ఈ పరీక్షలు లేకుండా నేరుగా ఆపరేషనుకో కీమోకో తీసుకెళ్ళే చోటు ఉంటే అక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండమంటాం. మెదడులో మచ్చ ఉందని తెలియకుండా ఊపిరితిత్తి కోసేస్తే రోగికి నొప్పి తప్ప ఏం మిగులుతుంది?

ముక్క పరీక్ష అనగానే మన పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: "కత్తి పెడితే పాకుతుంది." ఈ ఒక్క మాట వల్ల రెండు మూడు నెలలు ఇంట్లో కూర్చున్నవాళ్ళను చూశాం. సూది వల్ల జబ్బు పాకడం ఎంతో అరుదు. సూది పెట్టకుండా కూర్చున్న మూడు నెలల్లో పాకడం మాత్రం అరుదేమీ కాదు. ముక్క పరీక్ష లేకుండా ఏ రకమో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు.

ఇప్పుడు వైద్యం. మొదటి స్టేజిలో మాట సూటిగా ఉంటుంది: ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న భాగాన్ని తీసేస్తారు. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. అందులో ఒకటి తీస్తారు. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు, అంచున ఉంటే ఇప్పుడు అంతకన్నా చిన్న ముక్క తీసినా సరిపోతుందని 2022, 2023లలో వచ్చిన పెద్ద అధ్యయనాలు చూపించాయి. గుండె జబ్బో, ఆయాసమో ఉండి ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ళకు గురిపెట్టి, కొద్ది సిట్టింగుల్లో ఎక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తారు. ఈ స్టేజిలో లక్ష్యం పూర్తిగా నయం చేయడమే. రెండో స్టేజిలో కూడా ఆపరేషనే ముఖ్యం. దానికి ముందో తరవాతో కీమో చేరుతుంది, కొందరికి ఇమ్యూనోథెరపీయో, రోజూ వేసుకునే మాత్రో చేరుతుంది.

మూడో స్టేజి దగ్గర కొంచెం ఆగాలి. డాక్టర్లు కూడా ఎక్కువ చర్చించుకునేది ఇక్కడే. కొందరికి ముందు మందులిచ్చి గడ్డ తగ్గించి ఆపరేషన్ చేస్తారు. చాలామందికి ఆపరేషన్ కుదరదు. వాళ్ళకు కీమో, రేడియేషన్ రెండూ కలిపి ఇస్తారు. మన పేటల్లో "కరెంటు పెట్టడం" అంటారే, అదే. మామూలు లెక్క 30 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. ఆ తరవాత ఒక ఏడాది ఇమ్యూనోథెరపీ ఇస్తే ఐదేళ్ళకు నూటికి 43 మంది బతికి ఉన్నారని, ఇవ్వనివాళ్ళలో 33 మంది ఉన్నారని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. అంటే మూడో స్టేజి "లాస్ట్" కాదు. నయం చేయాలనే వైద్యం మొదలుపెట్టే స్టేజి అది.

కానీ ఆరు వారాలు అంటే ఏమిటి? బరంపురం నుంచి కటక్ వెళ్ళి ఆచార్య హరిహర్ ఆసుపత్రి పక్కన ఆరు వారాలు గది తీసుకోవాలి. యానాం నుంచి పుదుచ్చేరి జిప్మెర్‌కు వెళ్ళాలంటే పాలన ఒకటే, దూరం మాత్రం ఒక పగలూ రాత్రీ. సోలాపూర్ నుంచి ముంబై పరేల్‌లోని టాటా మెమోరియల్‌కు వెళ్తే ఆసుపత్రి గేటు బయట ఫుట్‌పాత్ మీద ఎంతమంది పడుకుంటారో మీలో ముంబై వాళ్ళకు తెలుసు. తోడుగా ఉన్న మనిషికి ఆరు వారాలు కూలి లేదు. అందుకే 30లో 14 అయ్యాక "ఒకసారి ఇంటికి వెళ్ళొస్తాం" అని వెళ్ళి రానివాళ్ళుంటారు. మధ్యలో ఆపిన రేడియేషన్ సగం వైద్యం కాదు. ఆగిన రోజుల్లో గడ్డ మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. ఆ ఇల్లు అప్పటికే అప్పులో ఉంటుంది.

నాలుగో స్టేజిలో మామూలుగా నయం చేయడం లక్ష్యంగా ఉండదు. జబ్బును అదుపులో పెట్టడం, మనిషి బాగా ఉండే కాలాన్ని పెంచడం లక్ష్యం. ఇది దాచుకుని మాట్లాడలేం. అయినా ఈ స్టేజిలో వచ్చినంత మార్పు గత 20 ఏళ్ళలో వేరే ఏ స్టేజిలోనూ రాలేదు. అప్పట్లో అందరికీ ఒకే కీమో. ఇప్పుడు ముక్కను జన్యు పరీక్షకు పంపుతారు. ఈజీఎఫ్ఆర్, ఆల్క్, రాస్-వన్ అనే పేర్లు రిపోర్టులో చూస్తారు. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా ఉన్నవాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. పొగ తాగనివాళ్ళలో, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆ మార్పు ఉంటే రోజూ ఇంట్లోనే మాత్ర వేసుకోవచ్చు. జెఫిటినిబ్ అనే మాత్ర ఇక్కడే తయారవుతుంది, కాబట్టి చవకగా దొరుకుతుంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 350 మంది మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్ళకు జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంటే, దానికి కీమో కలిపినవాళ్ళకు 16 నెలలు ఉంది. రెండూ జనరిక్‌గా దొరికే మందులే. మన దేశపు రోగులతో, మన దేశపు ధరలు తెలిసినవాళ్ళు చేసిన పని ఇది. మాకు అందుకే అది ఇష్టం.

అన్ని మందులూ అంత అందుబాటులో లేవు. ఇమ్యూనోథెరపీ ఖర్చు ఇప్పటికీ లక్షల్లోనే. 2024 జూలై బడ్జెట్‌లో మూడు క్యాన్సర్ మందుల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. వాటిలో రెండు, ఒసిమెర్టినిబ్, దుర్వలుమాబ్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడేవే. మంచిదే. కానీ సుంకం ఎత్తేసినంత మాత్రాన రోజుకూలీ కొనగలిగే మందు అయిపోదు.

ఇక అందరూ అడిగే లెక్క: ఎంతకాలం? 16 దేశాల నుంచి 94 వేల మందికి పైగా రోగుల వివరాలు కూర్చి చేసిన ఒక పెద్ద లెక్క ఉంది. ఒక సెంటీమీటరు లోపు గడ్డతో దొరికినవాళ్ళలో ఐదేళ్ళకు నూటికి 92 మంది బతికి ఉన్నారు. మొదటి స్టేజి చివరికొచ్చేసరికి 68. రెండో స్టేజిలో 60, 53. మూడో స్టేజిలో 36 నుంచి 13 దాకా దిగుతుంది. నాలుగులో 10, ఎక్కువ చోట్లకు పాకి ఉంటే దాదాపు లేదు. ఈ అంకెలు విని భయపడేముందు రెండు సంగతులు. ఇవి 1999 నుంచి 2010 మధ్య జబ్బు బయటపడినవాళ్ళ అంకెలు, ఇందాక చెప్పిన కొత్త మందులు చాలామందికి అందని రోజులవి. తరవాత జరిగిన ఒక అధ్యయనంలో, ఇమ్యూనోథెరపీ బాగా పనిచేసే గుర్తు ఉన్న నాలుగో స్టేజి రోగుల్లో నూటికి 32 మంది ఐదేళ్ళు దాటారు. రెండోది, ఈ లెక్క వందమంది గురించి చెబుతుంది. మీ పెదనాన్న ఆ వందలో ఎవరో చెప్పదు. వయసు, ఒంట్లో సత్తువ, మిగతా జబ్బులు, జన్యు మార్పు, వైద్యం మధ్యలో ఆగిందా లేదా, ఇవన్నీ స్టేజితో పాటు లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు మేము అసలు అడగాలనుకున్న ప్రశ్న. 92 మంది బతికే చోటుకు మనవాళ్ళు ఎందుకు వెళ్ళడం లేదు? 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 80 వేల మందికి ఈ జబ్బు వచ్చిందని అంచనా. అదే ఏడాది దీనితో చనిపోయినవాళ్ళు సుమారు 75 వేలు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువమంది మూడు, నాలుగు స్టేజిల్లో ఆసుపత్రికి వస్తున్నారు. స్టేజి జబ్బు గురించే చెబుతుందనుకుంటాం. ఆ మనిషి మాట ఎవరు ఎప్పుడు విన్నారన్నది కూడా అది చెబుతుంది.

బెంగళూరులో ఒక అక్క. తెల్లవారక ముందే చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉండే పౌరకార్మికురాలు. ఆ నగరంలో ఈ పని చేసేవాళ్ళలో ఎంతమంది తెలుగు మాట్లాడే మన దళిత కుటుంబాల వాళ్ళో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆమె జీవితంలో బీడీ ముట్టలేదు. దగ్గు మొదలైతే దుమ్ము వల్ల అనుకుంది. దగ్గర్లోని క్లినిక్‌లో సిరప్ ఇచ్చారు, తరవాత ఎక్స్‌రేలో నీడ చూసి, కళ్ళె పరీక్ష చేయించకుండానే, టీబీ మందులు మొదలుపెట్టారు. ఆయాసం వస్తే రెండుసార్లు ఛాతీలోంచి నీరు తీశారు. ఆ నీటిని పరీక్షకు పంపలేదు. పారబోశారు. ఏడో నెలలో సంఘంలో ఒక అమ్మాయి, బీఎస్సీ చదువుతున్న పిల్ల, "పెద్దమ్మా, మందులు వేసుకుంటే బరువు పెరగాలి కదా, మీరెందుకు తగ్గుతున్నారు?" అని అడిగింది. ఆ పిల్లే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. నాలుగో స్టేజి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంది. మాత్రలతో ఆమె 20 నెలలు ఉంది, అందులో ఎక్కువ కాలం వంట చేసుకుంది, ఆదివారం నడిచి వచ్చింది. ఏడు నెలల ముందు ఏ స్టేజిలో ఉండేదో ఎవరూ చెప్పలేరు.

టీబీ మందులు మానేయమని మేము చెప్పడం లేదు. టీబీ కూడా మనుషుల్ని చంపే జబ్బే, మన పేటల్లో ఎక్కువగా ఉన్నదీ అదే. మేము చెప్పేది ఇంతే: కళ్ళె పరీక్ష చేయకుండా టీబీ అని తేల్చేస్తే ఎందుకని అడగండి. పరీక్షలో టీబీ కనిపించకపోతే, లేదా మందులు మొదలై కొన్ని వారాలైనా బరువు తగ్గడం, దగ్గు ఆగకపోతే, సీటీ స్కాన్ రాయమని అడగండి. నీరు తీస్తే దాన్ని కణాల పరీక్షకు పంపమని అడగండి. మూడు వారాలు దాటిన దగ్గు, కళ్ళెలో రక్తం, కారణం లేకుండా మారిన గొంతు, తగ్గని భుజం నొప్పి, వేళ్ళ చివర్లు గుండ్రంగా ఉబ్బడం, వీటిలో ఏదున్నా "పెద్దవయసు కదా" అని వదిలేయకండి.

ఇంకో ఆలస్యం నింద వల్ల వస్తుంది. "తాగాడు, అనుభవిస్తున్నాడు." సంఘంలోనే ఈ మాట విన్నాం. పొగాకు ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం, అందులో అనుమానం లేదు. బీడీ ఆకుతో చుట్టింది కాబట్టి సిగరెట్ కంటే మేలనుకోవడం కూడా తప్పు. కానీ సోలాపూర్‌లో ఆ బీడీలు చుట్టి బతికేది మన ఆడవాళ్ళే, ఆ పని ఇచ్చి లాభం తిన్నది వాళ్ళు కాదు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడ రాతి దుమ్ము పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులు మూతపడిన రోజుతో బాగుపడలేదు. రాతి దుమ్ములోని సిలికా, ఆస్‌బెస్టాస్, డీజిల్ పొగ, బయటి గాలి కాలుష్యం, ఇవన్నీ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం తేల్చింది. ఊడ్చేవాళ్ళు, గనుల్లో దిగేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, కట్టెల పొయ్యి ముందు కూర్చునేవాళ్ళు ఎవరో మనకు తెలుసు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగారు. యేసు ఆ ప్రశ్ననే ఒప్పుకోలేదు. పొగ తాగిన మనిషి సిగ్గుపడి దగ్గును ఆరు నెలలు దాచుకుంటే స్టేజి మారిపోతుంది. మన నింద కూడా ఆ లెక్కలోదే. అన్నట్టు, జబ్బు బయటపడ్డాక మానేసినా లాభముంది, వైద్యం బాగా పనిచేస్తుంది. "ఇంకెందుకు మానడం" అనే మాట తప్పు.

ప్రార్థన గురించి కూడా అడుగుతారు. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాం. మాత్ర మానేస్తేనే విశ్వాసం అని చెప్పేవాళ్ళ దగ్గర మాత్రం లేచి వచ్చేయండి.

దాచడం గురించి ఒక మాట. మన ఇళ్ళలో రోగికి తప్ప అందరికీ స్టేజి తెలుసు. ప్రేమతోనే దాస్తాం. కానీ ఆమె ఇంట్లోవాళ్ళ ముఖాలు చూసి ఎప్పుడో గ్రహించి ఉంటుంది. అడగడానికి ఎవరూ లేక ఒంటరిగా భయపడుతుంది. ఎంత తెలుసుకోవాలనుకుంటోందో ముందు ఆమెనే అడగండి. అడిగినంత చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పకండి. ఇంటి పత్రాలో, కూతురి పెళ్ళి మాటలో, ఎవరితోనో సమాధానపడటమో, ఆమె తేల్చుకోవాల్సినవి ఆమెకుంటాయి.

నాలుగో స్టేజి అనగానే "ఇంటికి తీసుకెళ్ళండి" అనే చోట ఉపశమన వైద్యం ఎక్కడ దొరుకుతుందో అడగండి. దీన్ని చివరి వారంలో ఇచ్చేదనుకుంటారు, కానీ అది మొదటి రోజు నుంచే ఇవ్వాల్సింది. 2010లో అమెరికాలో 151 మంది నాలుగో స్టేజి ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనంలో, మామూలు వైద్యంతో పాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం అందినవాళ్ళకు దిగులు తక్కువగా ఉంది, చివరి రోజుల్లో పెద్ద పెద్ద చికిత్సల బాధ తక్కువగా ఉంది, పైగా వాళ్ళు సుమారు రెండున్నర నెలలు ఎక్కువ బతికారు. నొప్పికి మార్ఫిన్ మాత్ర డాక్టరు రాసిన కొలతలో వాడితే వ్యసనం అవుతుందని భయపడనక్కర్లేదు. 2014లో చట్టం సవరించాక దాన్ని అనుమతి ఉన్న ఆసుపత్రుల్లో ఇవ్వడం సులువైంది. నొప్పితో అరిచే మనిషి పక్కన కూర్చుని ఓర్చుకోమని చెప్పడం మాకు చేతకాదు, మీరూ చెప్పకండి.

కాగితాల సంగతి. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కార్డులు అక్కడ ఉంటున్న కుటుంబాలకు. మూడు తరాలుగా సోలాపూర్‌లో ఉంటూ "మన ఊళ్ళో కార్డు చేయిద్దాం" అని తిరిగినవాళ్ళు నెల పోగొట్టుకున్నారు. మీరున్న రాష్ట్రంలో రేషన్ కార్డు, ఆధార్‌లో చిరునామా, ఆయుష్మాన్ కార్డు, అక్కడి రాష్ట్ర పథకం, ఇవి జబ్బు రాకముందే సరిచూసుకోండి. పేర్లలో అక్షరాలు తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. కౌంటర్లో "ఎల్లమ్మ", "యెల్లమ్మ" ఒకరే అని నిరూపించేసరికి రేడియేషన్ తేదీ దాటిపోతుంది. క్యాన్సర్ వైద్యానికి వెళ్ళే రోగికి, తోడు వెళ్ళే ఒకరికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది, ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపించాలి. పెద్దాసుపత్రుల్లో సోషల్ వర్కర్ గది ఒకటి ఉంటుంది. డబ్బుల కౌంటర్‌కు వెళ్ళేముందు ఆ గదికి వెళ్ళండి. బస, నిధులు, చవక మందులు, అన్నీ వాళ్ళకు తెలుస్తాయి.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఈ మాటలు ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి: ఏ రకం? ఏ స్టేజి, అది ఏ పరీక్షతో తేలింది? జన్యు పరీక్ష పంపారా? ఈ వైద్యం నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా? ఎన్ని రోజులు ఇక్కడ ఉండాలి? ఇంతకన్నా తక్కువ ఖర్చులో ఇంతే పనిచేసేది ఉందా? కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. చాలామంది మాత్రం, మీరు అడిగిన తీరు చూసి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కూర్చోబెడతారు. అన్ని రిపోర్టులూ తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టండి. స్కాన్ సీడీలు పారేయకండి. ముక్క పరీక్ష చేసిన మైనపు దిమ్మను, అంటే బ్లాక్‌ను, వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అడిగి తీసుకోండి, లేకపోతే మళ్ళీ సూది గుచ్చాల్సి వస్తుంది.

మేము తెచ్చిన చీటీలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. తెలుగులో ప్రశ్న, పక్కనే కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాల్లో. ఒడియా చీటీలో రెండు తప్పులున్నాయని బరంపురం పిల్లలు పొద్దున్నే పట్టుకున్నారు, దిద్దిస్తున్నాం. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉండి రిపోర్టులు తెచ్చినవాళ్ళు ఉంటే టీ సమయంలో మా నర్సు అక్క దగ్గరకు రండి. మిగిలినవాళ్ళు ఇప్పుడే అడగండి. వెనక వరసలో ఇందాకటి నుంచి చెయ్యెత్తిన తమ్ముడు ముందు అడుగుతాడు.